గార్డు చేతిలో తుపాకీ

"తాతయ్యా, నువ్వు గార్డువైతే నీ గన్ ఏదీ?" అని అడిగాడు మా మనవడు. వాడికి తొమ్మిదేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ బాల్టిమోరు దగ్గర. వాడికి తెలిసిన గార్డు బ్యాంకు గుమ్మం దగ్గర నడుముకి పిస్తోలు కట్టుకుని నిలబడేవాడు. నేనేమో విజయవాడ డివిజన్లో ముప్పై నాలుగేళ్ళు రైలు గార్డుని. మొదట గూడ్సు, తర్వాత పాసింజరు, చివర్లో ఎక్స్‌ప్రెస్సు. నా సరంజామా అంతా ఒక పచ్చజెండా, ఎర్రజెండా, ఈల, చేతిలాంతరు, గడియారం, ఒక డబ్బా డిటొనేటర్లు. తుపాకీ ఎన్నడూ లేదు. ఆ మాటే చెప్పాను. "అయితే నువ్వు గార్డువి కాదు, కండక్టరువి" అని తేల్చేశాడు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ తలెత్తి, "కండక్టరేమిట్రా, మీ తాతయ్య ఆర్టీసీలో చెయ్యలేదు" అంది.

అలా మొదలైన తగువు నేను అక్కడున్న మూడు నెలలూ నడిచింది. వాడు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, నిలువుగా గీత గీశాడు. ఎడమ పక్క వాడి అమెరికా మాట, కుడి పక్క నా మాట. నా మాటంటే ఇంగ్లీషువాడు మన రైల్వేకి ఇచ్చిపోయిన మాట. నేను గూడ్సు బండి అంటే వాడు ఫ్రైట్ ట్రైన్. నా పాయింట్లు వాడికి స్విచ్. లెవెల్ క్రాసింగు వాడికి గ్రేడ్ క్రాసింగు. ఆఖరికి మా విజయవాడ స్టేషను కోడు కూడా పేచీలోకి వచ్చింది. ఊరి పేరు బెజవాడ నుంచి మారి ఎన్నేళ్ళయినా కోడు మాత్రం నేటికీ బీజెడ్‌ఏ. వాడు దాన్ని "బీ జీ ఏ" అని చదివాడు. జెడ్డుని అమెరికావాళ్ళు జీ అంటారు. మా ఊరి పేరుని అలా పలికితే నాకు ఊరుకోబుద్ధి కాలేదు, పట్టుబట్టి జెడ్డు అనిపించాను.

కానీ వాడి మొదటి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తెలియక అడిగినా సరైన ప్రశ్నే అడిగాడు. రైలు గార్డుకి తుపాకీ లేదు గానీ, ఆ పేరు ఎవరి దగ్గర నుంచి రైలెక్కిందో ఆ మనిషికి తుపాకీ ఉండేది.

ఇంగ్లాండులో ఒకప్పుడు తపాలా సంచులు గుర్రాల మీద కుర్రాళ్ళు మోసుకుపోయేవారు. దారిదోపిడీలు సామాన్యం. బాత్ నగరంలో నాటకశాల నడిపే జాన్ పామర్ అనే ఆయన, ఉత్తరాలకి వేగంగా పోయే నాలుగు గుర్రాల బండి కావాలని, దాని మీద ఆయుధంతో ఒక కాపలా మనిషి ఉండాలని పట్టుబట్టాడు. 1784 ఆగస్టు 2న బ్రిస్టల్ నుంచి లండన్‌కి అలాంటి మొదటి బండి బయలుదేరింది. దాని వెనకభాగాన తపాలా పెట్టె దగ్గర కూర్చున్నవాడే గార్డు. చేతిలో మూతి వెడల్పుగా ఉండే బ్లండర్‌బస్ అనే తుపాకీ, దానికి తోడు రెండు పిస్తోళ్ళు. గుర్రాలు, బండి, తోలేవాడు అన్నీ గుత్తేదారువే. గార్డు ఒక్కడే తపాలా శాఖ మనిషి. అతని దగ్గర తాళం వేసిన పెట్టెలో గడియారం ఉండేది. ఏ మజిలీకి ఎన్ని గంటలకి చేరారో రాసుకోవాలి. సుంకం గేటు దగ్గరపడుతుంటే కొమ్ము ఊదాలి, గేటువాడు ముందే తలుపు తీసి ఉంచాలి, బండి ఆగకూడదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు నేను ఏం చేశాను? బండి వెనక కూర్చున్నాను. ప్రతి స్టేషనుకీ వచ్చిన టైము, వదిలిన టైము జర్నల్లో రాశాను. ఎన్ని నిమిషాలు పోయాయో, ఎందుకు పోయాయో రాశాను. కొమ్ముకి బదులు ఈల ఊదాను. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ల మధ్య రైలు మొదలయ్యాక గుర్రపు బండ్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. వాటి మాటలు మాత్రం రైళ్ళలోకి వలస వచ్చాయి. తొలినాళ్ళ రైలు గార్డులు గుర్రపు బండి మీద కూర్చున్నట్టే రైలు పెట్టె పైకప్పు మీద, ఎండకీ వానకీ, కూర్చునేవారు. తుపాకీ ఒక్కటే పోయింది. గడియారం మిగిలింది.

గుర్రపు బండి నుంచి రైలుకి వచ్చిన మాట అదొక్కటే కాదు. బండి తోలేవాడు డ్రైవరు, అది రైల్లోనూ డ్రైవరే. కోచ్ అన్నదీ అంతే. ఆ రోజుల్లో సత్రంలో ఒక పుస్తకం ఉండేది, ప్రయాణం చేసేవాళ్ళ పేర్లు అందులో ఎక్కించేవారు. అందుకే అది బుకింగు. మన పల్లెటూరి అవ్వ కూడా "బుకింగు తెరిచారా బాబూ?" అని అడుగుతుంది. రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు సత్రం చిట్టా ఆ మాటలో దాగుందని ఆవిడకి ఎవరు చెబుతారు?

మరి అమెరికావాడికి ఈ మాటలు ఎందుకు అంటలేదు? భాష ఒకటే, యంత్రం ఒకటే. తొలి ఇంజన్లు కొన్ని ఇంగ్లాండు నుంచే అక్కడికి వెళ్ళాయి. కారణం, రైలు పుట్టేసరికి ఆ రెండు దేశాలూ విడిపోయి యాభై ఏళ్ళయింది. 1828లో రెండు పనులు జరిగాయి. ఆ ఏడు నోవా వెబ్‌స్టర్ డెబ్బై వేల మాటలతో తన అమెరికా నిఘంటువు అచ్చువేశాడు. అదే ఏడు జులై 4న బాల్టిమోరులో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గానికి మొదటి రాయి వేశారు. ఆ రాయి వేసిన చార్లెస్ కరోల్‌కి తొంభై ఏళ్ళు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో అప్పటికి బతికున్నది ఆయనొక్కడే. అలాంటి చేత్తో మొదలైన రైలు లండన్ మాటల కోసం ఎదురుచూస్తుందా?

అయితే పంతం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఇంగ్లాండులోనూ తొలిరోజుల్లో రైల్వేని అమెరికావాళ్ళలాగే రైల్‌రోడ్ అని రాసినవాళ్ళున్నారు. అసలు సంగతి బతుకుతెరువులో ఉంది. ఇంగ్లాండులో నున్నటి రోడ్లు, వాటి మీద గుర్రపు బండ్లు. అమెరికాలో దూరాభారం పనంతా నీటి మీదే. నదులు, కాలువలు, 1807 నుంచి ఆవిరి పడవలు. అందుకని అక్కడి రైలుకి పడవ మాటలొచ్చాయి. ఓడలో వేసే సరుకు ఫ్రైట్, రైల్లోనూ ఫ్రైటే. ఆవిరి పడవలో యంత్రం నడిపేవాడు ఇంజనీరు, రైల్లోనూ ఇంజనీరే. బయలుదేరే ముందు కేకవేసే "ఆల్ అబోర్డ్" ఓడ కేక. గూడ్సు చివర తగిలించే గార్డు పెట్టెని మేము బ్రేకువాను అంటాం, వాళ్ళు కబూస్ అన్నారు. డచ్చి ఓడల్లో వంటగదికి ఆ పేరు.

మన దగ్గరా ఇదే జరిగింది. రైల్వేలో చేతిపని చేసేవాడిని ఖలాసీ అంటాం. ఆ మాట ఓడ సరంగుల దగ్గర నుంచి, రేవు కూలీల దగ్గర నుంచి వచ్చింది. నా చిన్నతనంలో గ్యాంగువాళ్ళు గడ్డపారలు పట్టి పట్టాలు జరుపుతూ "హైలెస్సా" అని కూడబలుక్కుని లాగేవారు. అది పడవ లాగేవాళ్ళ పాట. కృష్ణ కాలువల మీద పడవలు తగ్గాక ఆ చేతులే పట్టాల మీదికి వచ్చాయేమో. పాత పని చేసిన చేతులు కొత్త పనిలోకి వచ్చేటప్పుడు మాటల్ని కూడా మూటగట్టుకుని తెచ్చుకుంటాయి.

ఒక ఆదివారం మా అమ్మాయి మమ్మల్ని బాల్టిమోరులోని రైల్వే మ్యూజియానికి తీసుకెళ్ళింది. ఆ తొలి రైలు బయలుదేరిన మౌంట్ క్లేర్‌లోనే ఉంది. 1884లో కట్టిన గుండ్రటి షెడ్డు, లోపల పాత ఇంజన్లు. మావాడు ఒక ఇంజను ముందు నిలబడి, "పెద్దయ్యాక నేను ఇంజనీరునవుతా అమ్మమ్మా" అన్నాడు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. వాడు వేలు పెట్టి క్యాబులోకి చూపించి "అక్కడ కూర్చుంటా" అన్నాక గానీ అది డ్రైవరు పని అని ఆవిడకి తెలియలేదు. నాకు మాత్రం సంతోషమే. బీటెక్ ఇంజనీర్లు మా వంశంలో ఆరుగురున్నారు, బండి నడిపినవాడు ఒక్కడూ లేడు.

అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దాయన మాకు తోడుగా తిరిగాడు. నా వయసువాడే. కండక్టరుగా రిటైరయ్యాడు. ఆయన ఒక గాజు బీరువా ముందు ఆగి "టార్పెడో" అన్నాడు. సబ్‌మెరైన్ ఏదైనా ఉందేమోనని చూశాను. లోపల ఉన్నది నా డిటొనేటరే! పట్టా మీద కట్టే చిన్న మందుబిళ్ళ. 1841లో ఎడ్వర్డ్ కౌపర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కనిపెట్టినది. చక్రం ఎక్కితే పేలుతుంది, డ్రైవరు ప్రమాదమని తెలుసుకుంటాడు. నీళ్ళలోనో నేలమీదో పెట్టి పేల్చేదాన్నంతా ఒకప్పుడు అమెరికాలో టార్పెడో అనేవారు. ఆ పేరు రైలుకి అతుక్కుంది.

ఆ బిళ్ళని చూడగానే నాకు ఒక తుపాను రాత్రి గుర్తొచ్చింది. సింగరాయకొండ దాటాక గూడ్సు మధ్యలో ఆగిపోయింది. వెనక వచ్చే బండిని కాపాడుకోవడం గార్డు పని. బండి నుంచి ఆరు వందల మీటర్ల దూరాన ఒక డిటొనేటరు, పన్నెండు వందల మీటర్ల దూరాన పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. వానలో, లాంతరు ఆరిపోతుంటే, కంకర మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. చేతులు వణుకుతుంటే వేళ్ళతో తడిమి పట్టాకి బిళ్ళ బిగించాను. ఇదంతా మా అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే ఆ పెద్దాయన మధ్యలోనే తలాడించడం మొదలుపెట్టాడు. తను మంచులో అదే నడక నడిచాడట. పేరు వేరు, నడక ఒకటే. ఇద్దరం ఆ బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాం.

ఆయన చెప్పిన ఒక కథ రాయాలి. బండికి పెద్ద ఎవరు, ముందున్నవాడా వెనకున్నవాడా? ఇది రెండు దేశాల్లోనూ పాత తగువే. 1842 ప్రాంతంలో ఎరీ రైలుమార్గం మీద ఏయర్స్ అనే కండక్టరు ఉండేవాడు. ఓడలో లాగా ఆయన్ని కెప్టెన్ అనేవారు. ఆయన పెట్టెల మీదుగా ఇంజను దాకా ఒక తాడు లాగి, దాని కొసన కర్రముక్క కట్టాడు. తాడు లాగితే కర్ర ఆడాలి, బండి ఆగాలి. ఇంజనీరుకి రోషం వచ్చి తాడు కోసేశాడు. చివరికి ఇద్దరూ కిందికి దిగి కలబడ్డారని, ఏయర్స్ గెలిచాడని, అప్పటి నుంచి అక్కడ బండి మీద అధికారం కండక్టరుదే అయిందని చెప్పుకుంటారు. మా రూల్సు పుస్తకంలోనూ బండికి ఇన్‌చార్జి గార్డే. ఏయర్స్ గెలుపు నాకు సొంత చుట్టం గెలుపులా తోచింది.

ఫ్రిజ్ మీద కాగితంలో "స్లీపరు" అన్నచోట మావాడికీ నాకూ అసలు పొత్తు కుదర్లేదు. మాకు పట్టాల కింద పరిచే చెక్క స్లీపరు. వాడికి అది టై, అంటే రెండు పట్టాల్నీ కట్టి ఉంచేది. వాడి లెక్కలో స్లీపరంటే పడుకునే పెట్టె. మన తెలుగులో ఆ రెండూ స్లీపర్లే, కాళ్ళకి వేసుకునేవీ స్లీపర్లే. ఇక బోగీ. ఇంగ్లాండులో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం మాత్రమే, అమెరికాలో దాన్ని ట్రక్ అంటారు. మనం చట్రం పేరు పెట్టి పెట్టెనంతా బోగీ అన్నాం. "మూడు బోగీలు పట్టాలు తప్పాయి" అని పేపర్లో చదివి ఇంగ్లీషువాడు చక్రాలు మాత్రమే జారాయనుకోవచ్చు. నేను దీన్ని తప్పు అనను. ఆ మాట ఇప్పుడు మనది.

పనిముట్ల తేడా ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు లక్షల్లో ఇంగ్లాండులో దిగారు. 1942లో వాళ్ళ చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు, అందులో ఏ మాటని అక్కడ ఏమంటారో పట్టిక ఉంది. మనుషులకి పుస్తకం ఇచ్చారు గానీ, వాళ్ళతో వచ్చిన ఇంజన్ల భాష అంత తేలిగ్గా అర్థం కాలేదు. బాయిలర్లో నీరెంతుందో చూపే గాజు గొట్టానికి అమెరికా ఇంజన్లలో తిప్పి బిగించే వాల్వు ఉండేది. ఇంగ్లీషు సిబ్బందికి అలవాటైన పిడి ఎటు తిరిగి ఉందో చూస్తే తెలిసిపోయేది, ఇది చూస్తే తెలియదు. వాల్వు పూర్తిగా తెరవకపోతే గొట్టం తప్పు చూపిస్తుంది. 1943 నవంబరులో హనీబోర్న్ దగ్గర అలాంటి ఇంజనొకటి ఫైర్‌బాక్సు పైకప్పు కూలి ఒక మనిషి పోయాడు.

అమెరికా ఇంజన్లు మనకీ వచ్చాయి. యుద్ధకాలంలో బాల్డ్‌విన్ కంపెనీ పంపినవి ఏడబ్ల్యూడీలు, 1947లో వచ్చిన మొదటి పదహారు డబ్ల్యూపీలు. చక్రాల అమరికని బట్టి ఇంజన్లకి ముద్దుపేర్లు పెట్టడం అమెరికావాళ్ళ అలవాటు. ముందు రెండు, మధ్యలో ఎనిమిది, వెనక రెండు చక్రాలుంటే అది మికాడో. జపానుకి అలాంటివి చేసి పంపారు గనుక జపాను చక్రవర్తి పేరు. జపానుతో యుద్ధం రాగానే కొన్ని రైల్వేలు ఆ పేరు కొట్టేసి మెకార్థర్ అన్నాయి. ఇంజను అదే, చక్రాలూ అవే.

ఇంజన్ల సంగతి అలా ఉంచి మనుషుల పేర్లకి వస్తాను. కేసీ జోన్స్ పేరు అమెరికాలో ప్రతి పిల్లవాడికీ తెలుసట. అసలు పేరు జాన్ లూథర్ జోన్స్. కెంటకీలో కేసీ అనే ఊళ్ళో పెరిగాడు, ఆ ఊరే పేరయింది. మన ఇళ్ళపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కదా, నాకు వింత అనిపించలేదు. 1900 ఏప్రిల్ 30 తెల్లవారుజామున మిసిసిపీలో వాన్ దగ్గర ఎదురుగా పట్టాల మీద ఇంకో బండి వెనకపెట్టెలు కనబడితే, ఫైర్‌మన్‌ని దూకెయ్యమని చెప్పి, తను మాత్రం బ్రేకు వదలకుండా ఉండిపోయాడు. ఆ గుద్దుడులో పోయింది ఆయనొక్కడే.

ఇంకో పేరుంది. అది చెప్పేటప్పుడు ఆ పెద్దాయన గొంతు తగ్గింది. అంతర్యుద్ధం తర్వాత జార్జ్ పుల్‌మన్ అనేవాడు పడుకునే పెట్టెలు నడిపాడు. వాటిలో పక్కలు వెయ్యడానికి, బూట్లు తుడవడానికి నల్లవాళ్ళని పెట్టుకున్నాడు. వాళ్ళలో చాలామంది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్ళు. ప్రయాణికులు వాళ్ళలో ప్రతివాడినీ "జార్జ్" అని పిలిచేవారు. యజమాని పేరుతో బానిసని పిలిచే పాత ఆచారమే అది. వాళ్ళకి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఎవరికీ అక్కర్లేదు. 1914లో జార్జ్ డులేనీ అనే కలప వ్యాపారి, పోర్టర్లని జార్జ్ అనడం మానిపించాలని ఒక సంఘం పెట్టాడు. సరదాకి మొదలైన సంఘం, చేరినవాళ్ళందరి పేర్లూ జార్జే. వాళ్ళ దిగులు తమ పేరు గురించి. పోర్టర్ల దిగులు పోర్టర్లే మోసుకున్నారు. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన యూనియన్ కట్టారు, పన్నెండేళ్ళు కొట్లాడారు, 1937లో పుల్‌మన్ కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు.

ఆ కథ విని నేను సిగ్గుపడ్డాను. మా స్టేషన్లలో ఎర్రచొక్కా కనబడితే చాలు "ఏయ్ కూలీ" అన్న గొంతులు ఎన్ని విన్నాను! ఒక్కడి పేరైనా అడిగామా? 2016 బడ్జెట్లో వాళ్ళని సహాయక్ అనాలన్నారు. గ్యాంగుమన్ని ట్రాక్‌మన్ అన్నారు, తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అన్నారు. మంచిదే. 2022 జనవరిలో మా వంతు వచ్చింది. గార్డు పోయి ట్రైన్ మేనేజరు వచ్చాడు. గార్డంటే వాచ్‌మన్ అనుకుంటున్నారని, పేరు మార్చమని మా సంఘాలే ఏళ్ళ తరబడి అడిగాయి. వాళ్ళ మాటలో న్యాయముంది, మా మనవడే సాక్షి. అయినా నాకు బాధే. ఆ పేరులో 1784 నాటి గడియారం ఉంది. తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే కుర్రాళ్ళు నన్ను "పచ్చజెండా బాబాయ్" అనేవారు. బాబాయ్ అన్నారు గనుక అది నాకు బిరుదు. ఆ పేరు ఏ ఆర్డరూ మార్చలేదు.

వెళ్ళొస్తామని చెప్పబోతుంటే పెద్దాయన పసుపుపచ్చటి పెట్టె ఒకటి చూపించి "ఇతను ఫ్రెడ్" అన్నాడు. గూడ్సు ఆఖరి వ్యాగను కప్లింగుకి తగిలిస్తారు. ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటుంది. వెనకదాకా గాలి ఒత్తిడి ఎంత వచ్చిందో రేడియోలో ఇంజనుకి చెబుతుంది. వెనక మెరిసే పరికరం అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిస్తే ఫ్రెడ్. 1980ల నుంచి ఇవి వచ్చి కబూసులు పోయాయి, వాటిలో కూర్చునే మనుషులూ పోయారు. ఇంజన్లో ఐదు కిలోలుంటే నా బ్రేకువాను గేజీలో 4.8 వచ్చిందా లేదా అని చూడకుండా నేను ఏనాడూ బండి కదలనివ్వలేదు. ఆ పనే ఇది చేస్తోంది. మన రైల్వేలోనూ గూడ్సు బండ్లకి ఇలాంటివి పెట్టి చూస్తున్నారు.

ఇంటికి రాగానే మావాడు ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాడు. ఎడమ గడిలో ఫ్రెడ్ అని రాసి, పెన్సిలు పట్టుకుని నావైపు తిరిగాడు.

"తాతయ్యా, మీ ఇండియాలో ఫ్రెడ్‌ని ఏమంటారు?"

"ఇంకా ముద్దుపేరేదీ పెట్టలేదు నాన్నా."

"మరి ఇక్కడేం రాయను? బాబాయ్ అని రాయనా?"

ఆ గడి ఒక్కటీ ఖాళీగా ఉంచమన్నాను.